28వ తేదీకి ఎన్నాళ్లు ముందు?

మైపాడులో మా ఇంటి వసారాలో కూర్చుంటే సముద్రం కనిపించదు, వినిపిస్తుంది. 2025 జులై రెండో శనివారం సాయంత్రం ఆ హోరు వినపడనంతగా మా అత్తా, మా అక్కా వాదించుకున్నారు.

అక్క నెల్లూరులో ఒక ప్రైవేటు బడిలో పదకొండేళ్లుగా లెక్కలు చెబుతోంది. అమెరికాలో సౌత్ కరోలినాలోని ఒక ప్రభుత్వ పాఠశాలకు జె-1 వీసా మీద మూడేళ్లకు ఎంపికైంది. అత్త 2002 నుంచి ఆరేళ్లు మాల్దీవుల్లో ఇంగ్లీషు చెప్పి వచ్చిన మనిషి. ఇద్దరి మధ్య తగువు ఒక్కటే: ఎప్పుడు బయల్దేరాలి. అక్కని చేరమన్న తేదీ జులై 28, సోమవారం. పిల్లలు వచ్చేది ఆగస్టు 4న. 25 తెల్లవారుజామున చెన్నైలో ఎక్కే విమానం అక్క చూసిపెట్టుకుంది. అత్త 16నే ఎక్కమంటోంది. టికెట్టు ఆ రాత్రికే కొనాలి.

నేను టీ గ్లాసులు అందిస్తూ పక్కన కూర్చుని విన్నాను. గుర్తున్నంతవరకు వాళ్ల మాటల్లోనే రాస్తున్నాను.

అక్క: 28న చేరమన్నారు. 25న ఎక్కితే ఆడి లెక్కలో అదే 25 సాయంత్రానికి షార్లెట్‌లో దిగుతా. శని, ఆదివారాలు పడుకోని లేస్తా. సోమవారం బడికి పోతా. దీంట్లో తప్పేంది అత్తా?

అత్త: రెండు రోజుల్లో ఆ నిద్ర తీరదమ్మాయ్. తొమ్మిదిన్నర గంటల తేడా. ఈడ మనం దుప్పటి కప్పుకునే పొద్దుకి ఆడ మధ్యాహ్నం బెల్లు కొడతారు. సోమవారం మీటింగులో కూర్చుంటావు, కళ్లు తెరిచే ఉంటాయి, మాట చెవిలోకి పోదు. ఆ వారంలో వాళ్లు చెప్పేదే ఏడాదంతా నీకు అక్కరకొచ్చేది. పిల్లల్ని యెట్ట కూర్చోబెట్టాల, తగాదా వస్తే యెవురికి చెప్పాల, మార్కులు యాడ ఎక్కించాల, అన్నీ.

అక్క: కాయితాల్లో రాసి పంపిస్తారు గదా. చదువుకుంటా.

అత్త: నేనూ చదువుకోనే పోయినా. విను. 2002 జనవరి. మాల్దీవుల్లో అప్పుడు జనవరిలో బడి తెరిచి నవంబరుతో ఏడాది ముగించేవాళ్లు. నాది లాము అటోల్. మాలేకి దక్షిణంగా రెండువందల యాభై కిలోమీటర్లు. ఈణ్ణించి చెన్నై, చెన్నై నుంచి తిరువనంతపురం దాకా రైలు, ఆణ్ణించి మాలేకి విమానం. మాలే విమానాశ్రయం ఇంకో దీవిలో ఉండాది. ఇప్పుడంటే వంతెన వేశారు గానీ అప్పుడు ఊళ్లోకి పోవాలంటే దోనీ పడవ ఎక్కాల్సిందే. మళ్లీ చిన్న విమానం, మళ్లీ దోనీ. ఇన్ని మారాల్సి ఉంటే, అన్నీ అనుకున్న గంటకే దొరుకుతాయని లెక్కేసుకోని టికెట్టు కొన్నా. ఒక్కటి తప్పింది. ఆడ శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం బడి. నేను శనివారం రాత్రి దిగినా. పెట్టె మాలేలోనే ఉండిపోయింది. కట్టిన చీరతోనే పొద్దున ఆరో తరగతిలోకి పోయినా.

అక్క: పోయినావు, చెప్పినావు. ఆరేళ్లు చేసినావు గదా.

అత్త: చెప్పలేదమ్మాయ్. అదే చెప్తా ఉండా. హాజరు పట్టీ చేతిలో పెట్టారు. పేర్లు చదవలేకపోయినా. నోరు తిరగలేదు. పిల్లలు నవ్వినారు. ఇంకో రోజైతే నేనూ వాళ్లతో కలిసి నవ్వి, ‘నువ్వు చెప్పు నీ పేరు’ అని అడిగేదాన్ని. ఆ పొద్దు నా తల నాది కాదు. మూడు రాత్రుల నిద్ర లేదు. అరిచినా. ముందు బెంచీలో ఒక బిడ్డ ఏడ్చింది. ఆ మొదటి గంటలో పోగొట్టుకున్న తరగతి మళ్లీ నా చేతికి వచ్చేసరికి ఏప్రిల్ అయింది. ఆ బిడ్డ మాత్రం ఏడాది చివరి దాకా నాకు ఎదురొస్తే పక్కకి తప్పుకునేది.

ఈ సంగతి అత్త మాకెప్పుడూ చెప్పలేదు. మాల్దీవులంటే మేము విన్నది నీలం నీళ్లు, కొబ్బరి చెట్లు, టూనా చేప. వసారాలో కాసేపు మాట లేదు. అక్క కూడా అత్త ముఖం చూసి గొంతు తగ్గించింది. కానీ తన మాట వదల్లేదు, వదలకపోవడమూ సరైందే అనిపించింది.

అక్క: నీకు క్వార్టర్సు ఇచ్చారు. పోయి పడుకోవడానికి గది ఉండాది. నాకు ఏమీ లేదు. దిగిన రోజు నుంచి హోటలు. అద్దెకి ఇల్లు దొరికితే అడ్వాన్సు కట్టాల. ఆ ఊళ్లో బస్సుల్లేవు, కారు లేకుంటే పాల ప్యాకెట్టు కూడా రాదంట. ఫస్టు జీతం ఆగస్టు చివర్లో. అప్పు ఎనిమిది లక్షలు చేసినా, నూటికి రెండు రూపాయల వడ్డీ, నెలకి పదహారు వేలు. వీసా ఫీజు 185 డాలర్లు, సెవిస్ అని ఇంకో 220 డాలర్లు, సర్టిఫికెట్లు అమెరికా డిగ్రీకి సమానమని రాయించేదానికి ఇంకొంత, అన్నీ దాంట్లోవే. 16వ తేదీ టికెట్టు ముప్పై వేలు ఎక్కువ. తొమ్మిది రోజులు ముందు పోయి యెవురి లెక్కలో తినాల అత్తా?

అత్త: వడ్డీ నువ్వు ఈడున్నా పెరుగుతాది.

అక్క: ఈడుంటే అద్దె పెరగదు గదా. ఇంకో మాట. వాళ్లకి నేను ముందుగా కావాలంటే ముందు తేదీ వేసి, ఆ రోజులకి జీతం ఇయ్యాల. 28 అని రాసింది వాళ్లు. పిల్లల ముందు నేను తేటగా నిలబడాలని నాకూ ఉండాది. ఆ తేట కోసం పెట్టే ఖర్చు మైపాడులో అప్పు తెచ్చుకున్న మనిషి ఎందుకు పెట్టుకోవాల? అమెరికా బడికి లెక్కల టీచరు కరువైతే ఆ కరువుకి వడ్డీ నేను కడతా ఉండా.

ఈ మాటకి అత్త దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. పరాయి దేశం పోయే టీచరు చదువుని అందరూ లెక్కేస్తారు, దారి ఖర్చుని, చేరే ముందు రోజుల్ని ఎవరూ లెక్కేయరు. ఆ భారం చివరికి టీచరు మీదే పడుతుంది. ఇది మనవాళ్ల బాధ మాత్రమే కాదు. అమెరికాలోనే లూసియానా రాష్ట్రానికి ఫిలిప్పీన్స్ నుంచి మూడువందల యాభై మంది దాకా టీచర్లను తీసుకెళ్లి, వాళ్ల దగ్గర విపరీతమైన ఫీజులు గుంజిన ఏజెన్సీ మీద టీచర్లు కోర్టుకి పోయారు. 2012 డిసెంబరులో జ్యూరీ వాళ్లకు 45 లక్షల డాలర్లు ఇప్పించింది. నేనీ సంగతి అక్కడ చెప్పాను. అత్త అంతా విని తలూపింది.

అత్త: డబ్బు మాటలో నువ్వు చెప్పేదే న్యాయం. అడుగు. అడగడంలో తప్పు లేదు. ‘ముందుగా వస్తా, ఆ రోజులకి ఉండేదానికి చోటు చూపిస్తారా’ అని బడికి రాయి. వాళ్లు ఇయ్యకపోయినా, అడిగినావని వాళ్లకి తెలియాల. అంతేగానీ వాళ్లు ఇయ్యలేదని ఆలస్యంగా పోతే, ఆ నష్టం బడికి కాదు, నీ ముందు కూర్చునే బిడ్డలకి. వాళ్లు ఏ కాయితం మీదా సంతకం పెట్టలేదు.

అక్క: ఆలస్యం యాడుంది? చేరమన్న రోజుకే పోతా ఉండా.

అత్త: విమానం ఒకటి తప్పితే?

అక్క: జులైలో తుఫాను యాడ వస్తాది అత్తా!

ఇది మా కోస్తా ఇళ్లల్లో పుట్టే వాదం. అత్త కాలంలో మాల్దీవులకి పోవాల్సింది సరిగ్గా ఈశాన్య రుతుపవనాల వెనకాలే. నవంబరు, డిసెంబరు మనకి వాయుగుండాల నెలలు. నెల్లూరు నుంచి పరాయి దేశం పోవాలంటే విమానాశ్రయం చెన్నైయే, నూట డెబ్బై అయిదు కిలోమీటర్లు. ఆ చెన్నై విమానాశ్రయమే 2015 డిసెంబరులో వరదకి రోజుల తరబడి మూతపడింది. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుఫానుకి రన్‌వే మీద నీళ్లు నిలిచి మళ్లీ మూసేశారు. ఆ నెలల్లో పోయేవాళ్లు వారం ముందు బయల్దేరడం భయం వల్ల కాదు, అనుభవం వల్ల. జులై వేరు. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ మీదుగా హైవే పొడిగా ఉంటుంది. ఈ ఒక్క విషయంలో అక్కదే గెలుపు. కానీ అత్త వేరే దారిన వచ్చింది.

అత్త: మీ అమెరికా ఆఫీసులు తుఫాను కంటే తక్కువా? మే నెలలో ఏమైంది?

అక్క: (కాసేపు ఆగి) మే 27న ఆపేశారు. విద్యార్థులకీ, జె వీసా వాళ్లకీ కొత్త అపాయింట్‌మెంట్లు లేవన్నారు. జూన్ 18 దాకా. ఆ మూడు వారాలు నేను అన్నం తిన్నానో లేదో నాకే తెలవదు. తర్వాత సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనపడేలా పెట్టమన్నారు, పెట్టినా. హైదరాబాదులో ఇంటర్వ్యూ దొరికింది. పాస్‌పోర్టు చేతికి వచ్చింది మొన్న.

అత్త: అదీ. నీ చేతిలో లేనివి అన్ని ఉండాయి. నీ చేతిలో ఉండేది ఒక్కటే, ఎక్కే తేదీ.

అక్క: అది కూడా పూర్తిగా లేదులే. డీఎస్-2019 అని కాయితం ఇస్తారు, దాని మీద ప్రోగ్రాం మొదలయ్యే తేదీ 28. దానికి ముప్పై రోజుల కంటే ముందు దేశంలోకి రానీయరు. చేరినాక ముప్పై రోజుల్లోపు స్పాన్సరు సంస్థ వాళ్ల కంప్యూటర్‌లో నేను వచ్చినట్టు నమోదు చెయ్యాల, లేకపోతే రానట్టే లెక్క. ఆ నమోదు అయినాకనే సోషల్ సెక్యూరిటీ నంబరు. దిగిన తర్వాత ఓ పది రోజులు ఆగి అప్లై చేసుకోమంటారు. ఆ నంబరు వస్తేనే జీతం లెక్కలు సాఫీగా సాగేది, లైసెన్సు పని కదిలేది.

అత్త: ఆగు, ఆగు. మళ్లీ చెప్పు. పది రోజులు ఆగాలా?

అక్క: ఆగమంటారు.

అత్త: 25న దిగితే పది రోజులకి ఆగస్టు 4. పిల్లలు వచ్చే రోజు! ఆ వారంలో బడి ఎగ్గొట్టి ఆఫీసు ముందు క్యూలో నిలబడతావా? 16న దిగితే 26కి పది రోజులు అవుతాయి. 28కి ముందే స్పాన్సరు నమోదు చేస్తారా, చెయ్యరా?

అక్క: దిగంగానే అడ్రసు పంపితే చేస్తామన్నారు.

అత్త: లెక్కల టీచరువి నువ్వు. నేను ఇంగ్లీషు చెప్పినదాన్ని.

అక్క నవ్వలేదు. ఫోను తీసి క్యాలెండరు చూసుకుంది, మళ్లీ పక్కన పెట్టింది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది, ఆమె పట్టుదల డబ్బు దగ్గర లేదని. అంతవరకూ డబ్బు మాట నిజమే, అంత గట్టిగానూ చెప్పింది. కానీ దాని కింద ఇంకొకటుంది.

అక్క: 22న రొయ్యల గుంట పడతా ఉండారు. మీ అల్లుడు ఒక్కడే ఉండాడు. ఏప్రిల్‌లో అమెరికా సుంకం మాట వినంగానే రొయ్య ధర పడిపోయింది, తెలుసు గదా. కౌంటు తగ్గేదాకా ఆగుదామని ఆగినాం. పట్టుబడి రోజు తూకం దగ్గర నేను ఉండాల. ఆ డబ్బులోనే నాకు చేతి ఖర్చు.

అత్త: పట్టుబడి దగ్గర నీ తమ్ముడు ఉంటాడు. వీడికి కాటా చూసేది రాదా?

నాకు వచ్చు. తలూపాను.

అత్త: ఇంకేంది?

అక్క చాలాసేపు మాట్లాడలేదు. లోపల నాయనమ్మ దగ్గర అక్క కూతురు పలక మీద ఏదో గీస్తోంది. పాపకి ఆరేళ్లు. బావ, పాప డిసెంబరులో పోతారు, పంటా అప్పూ ఒక కొలిక్కి వచ్చాక. అక్క వంటింటి వైపు చూసి, చూపు తిప్పుకుంది.

అక్క: తొమ్మిది రోజులత్తా. నాకు అంతే కావాల్సింది. హోటల్లో పడుకోని గోడలు చూసే తొమ్మిది రోజులు, దాని పక్కన పడుకుంటే తప్పా?

అత్త వెంటనే జవాబివ్వలేదు. ఆమె 2002లో పోయినప్పుడు వాళ్ల అబ్బాయికి ఎనిమిదేళ్లు. మా ఇంట్లోనే పెరిగాడు. ఏడాదికి ఒకసారి, డిసెంబరు సెలవులకి, అమ్మ వచ్చేది.

అత్త: తప్పు కాదు. ఆ మాట ముందే చెప్పి ఉంటే నేను ఇంతసేపు వాదించేదాన్ని కాదు. (కాసేపాగి) అయినా వాదిస్తా. 2004 డిసెంబరులో నేను సెలవులకి ఈడనే ఉండా. 26, ఆదివారం పొద్దున. సముద్రం ఎనక్కి పోయి మీదికొచ్చింది. నువ్వప్పుడు కాలేజీ, నీకు గుర్తుండాల. మన ఊళ్లో వాళ్లు పడవలు, వలలు ఎతుక్కుంటా ఉండారు. మాల్దీవుల్లో ఎనభై మందికి పైగా పోయారని రేడియోలో చెప్పినారు. నా టికెట్టు జనవరి 2కి ఉండాది. మొదటి ఏడు దెబ్బ తిన్నాక ఎప్పుడూ పది రోజులు ముందే పోయేదాన్ని. మా అన్న, అంటే మీ నాయన, పోవద్దని కాళ్లకి అడ్డం పడినంత పని చేసినాడు. నా కొడుకు మాట్లాడలేదు. గది తలుపు వేసుకున్నాడు.

అక్క: అయినా పోయినావు.

అత్త: పోయినా. దీవిలో బావుల్లో నీళ్లన్నీ ఉప్పు. బడి ఎప్పుడు తెరుస్తారో తెలవదు. తెరవని బడి ముందు పిల్లలు కూర్చోనుండారు, ఇళ్లల్లో ఉండలేక. పాఠం చెప్పలేదు నేను. వాళ్లతో కూర్చున్నా, అంతే. పుస్తకాలు ఎండేసినాం. ఆరో తరగతిలో ఏడ్చిన బిడ్డ, చెప్పినా గదా, అప్పటికి ఎనిమిది దాటింది. ఆ బిడ్డ వచ్చి నా పక్కన కూర్చుంది. ముందు పోయినందుకు నాకు దొరికింది అది. నా కొడుక్కి దొరకనిది కూడా అదే. రెండూ నిజమే. నేను నీకు సులువైన మాట చెప్పడంలా.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పాలి. అత్త చెప్పేది బడికి సంబంధించి సరైనదని నా నమ్మకం. టీచరు కొత్త దేశంలో మొదటి రోజు బలహీనంగా నిలబడితే, ఆ దెబ్బ ఆమెకన్నా ముందు తరగతికి తగులుతుంది. అది ఖర్చు ఆదా చేసే చోటు కాదు. కానీ పాప పక్కన పడుకునే రాత్రిని ‘వృథా’ లెక్కలో రాసే హక్కు ఎవరికీ లేదు. తేదీ వేసే ఆఫీసులకి ఈ రెండో సంగతి కనిపించదు. ముప్పై రోజుల నిబంధన వాళ్లకి కనిపిస్తుంది. ఆ ముప్పైలో ఎన్ని ఇంటికి, ఎన్ని బడికి అన్న లెక్క టీచరు ఒక్కతే, అర్ధరాత్రి, టికెట్టు పేజీ ముందు కూర్చుని వేసుకోవాలి.

అక్క: 16 కాదు. 16కి నా ఒళ్లు ఒప్పదు.

అత్త: 18. శుక్రవారం. ఆ సాయంత్రం దిగితే శని, ఆదివారాలు నిద్ర. సోమవారం నుంచి ఇల్లు చూసుకో. 28కి పది రోజులు చేతిలో ఉంటాయి, నంబరు పని కూడా అదే రోజు మొదలుపెట్టొచ్చు. నీకు ఈడ ఇంకా అయిదు రాత్రులు.

నాయనమ్మ: (లోపల్నుంచి) ఆషాఢంలో పంపిస్తారా బిడ్డని? 25 నుంచి శ్రావణం.

అత్త: ఆషాఢం కొత్త కోడళ్లకమ్మా. ఉద్యోగానికి పోయేవాళ్లకి కాదు.

అక్క: (ఫోను తీసి) 18కి పద్దెనిమిది వేలు ఎక్కువ. షికాగోలో మారాల, మూడుగంటల పది నిమిషాలు ఉండాది మధ్యలో.

అత్త: చాలుతాదా?

అక్క: అమెరికాలో దిగిన మొదటి ఊళ్లోనే ఇమిగ్రేషన్, పెట్టెలు తీసుకోని మళ్లీ ఇయ్యాల. రెండు గంటలైతే భయం. మూడు దాటితే చాలు.

అత్త: డీఎస్ కాయితం పెట్టెలో పెట్టబాకు. చేతి సంచీలో. నా పెట్టె మాలేలో ఉండిపోయిందని చెప్పినా గదా. ఒక జత బట్టలు కూడా చేతి సంచీలోనే. ముందు రోజు రాత్రికే చెన్నై పోయి పడుకోండి, తెల్లారి హైవే మీద లారీల వెనకాల ఉరుకులు వద్దు. ఆ పద్దెనిమిది వేలు నేనిస్తా.

అక్క: వద్దత్తా.

అత్త: మాల్దీవుల జీతంలోది కాదులే, పింఛనులోది. రాయి బడికి కూడా. 18కి వస్తా ఉండా, ముందుగా తరగతి గది చూడొచ్చా అని.

అక్క అక్కడే కూర్చుని ఉత్తరం రాసింది. చోటు సంగతి కూడా అడిగింది, అత్త పక్క నుంచి ఒక్కో వాక్యం ఇంగ్లీషు సరిచేస్తూ ఉంది. టికెట్టు బుక్కయ్యేసరికి తొమ్మిదిన్నర. పాప వచ్చి అమ్మ ఒళ్లో కూర్చుని ఎన్ని రోజులని అడిగింది. అక్క వేళ్లు తెరిచి చూపించింది. ఒక చెయ్యి.

ఆ వారంలోనే నెల్లూరు రొట్టెల పండుగలో అక్క స్వర్ణాల చెరువులో దిగి ఉద్యోగం రొట్టె పట్టుకుంది. అనుకున్నది జరిగితే వచ్చే ఏడు మళ్లీ వచ్చి ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి. ఆ సంగతి పడుకోబోయే ముందు అక్కకే గుర్తొచ్చింది.

అక్క: వచ్చే పండక్కి నేను ఉండను గదా అత్తా.

అత్త: నీ రొట్టె నేను ఇస్తాలే. పడుకో.